అమ్మకు పండుగ డ్యూటీ

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: బల్లకు ఆ కొసన నాయనమ్మ, ఈ కొసన రస్సెల్ పెదనాన్న, ఆయన పక్కన గ్రెచెన్ పెద్దమ్మ, ఎక్కడ కూర్చున్నా లేనట్టే కనిపించే మా నాన్న, నడవాలో బట్టలుతికే మిషను పక్కన వేసిన మడత బల్ల దగ్గర పెదనాన్న కవల పిల్లలు, ఆ బల్ల కింద కుక్క, పళ్ళెంలో కాళ్ళు పైకెత్తి పడుకున్న టర్కీ కోడి, నేను. రావలసిన వాళ్ళలో రానిది ఒక్కరే. మా అమ్మ. పాపం, ఆమెకు డ్యూటీ.

ఇప్పుడు నేను చెప్పబోయే మాటకు మీరు ఉలిక్కిపడకండి. పండుగకు కోడి లేకపోయినా సర్దుకోవచ్చు. గుమ్మడికాయ తీపి మాడిపోయినా సర్దుకోవచ్చు. ఒక మంచి అబద్ధం లేకపోతే మాత్రం పండుగ జరగదు. అందులోనూ మా అమెరికా కృతజ్ఞతల పండుగ థ్యాంక్స్‌గివింగ్ అసలు జరగదు!

అబద్ధాన్ని మనవాళ్ళు అనవసరంగా తిడతారు గాని, అది చేసే మేలు ఎవరు చేస్తారు చెప్పండి? నిజం ఇంట్లోకి వచ్చిందంటే చెప్పులు విప్పకుండా వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, అందరి ఆకలీ చంపేస్తుంది. అబద్ధం అలా కాదు. గుమ్మం దగ్గరే కాళ్ళు తుడుచుకుని, ఎవరికీ అడ్డం రాకుండా ఒక మూల నిలబడి, గ్రేవీ గిన్నె అందిస్తుంది.

మా ఇంటి అబద్ధం ఎంత గట్టిదో చూపడానికి మా అమ్మ ఉద్యోగం గురించి చెప్పాలి. మా అమ్మ ఆర్లీన్ మా ఊరి బడి బస్సు నడుపుతుంది. థ్యాంక్స్‌గివింగ్ నాడు బడికి సెలవు. మా ఒక్క బడికే కాదు, దేశంలో ఉన్న బడులన్నిటికీ సెలవు. అంటే ఆ రోజు అమెరికా మొత్తం మీద నడిచే బడి బస్సు ఒక్కటే. అది మా అమ్మది!

కిందటేడు కవలల్లో ఒకడికి ఈ విషయంలో సందేహం వచ్చింది. వాడికింకా ఏడేళ్ళు. బుద్ధి చెడలేదు.

"నాన్నా, ఈ రోజు బడి లేదు కదా. మరి పిన్ని బస్సులో ఎవరెక్కుతారు?"

పెదనాన్న రొట్టెకు వెన్న రాస్తూ తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. "ఎవరూ ఎక్కరు. బస్సును తిప్పకుండా ఊరికే ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది. చలికాలం కదా."

"మరి పిన్ని కారులో వచ్చిందేం?"

"బస్సు దగ్గరికి వెళ్ళడానికి కారు కావద్దూ? తిను."

చూశారా! ఒక అబద్ధాన్ని పదిహేనేళ్ళకు పైగా నూనె పోసి, దుమ్ము తుడిచి, బ్యాటరీ దిగకుండా కాపాడుకోవడం సామాన్యమైన విషయమా? ఈ శ్రద్ధ అసలు బస్సు మీద పెట్టి ఉంటే దాని హీటరు ఎప్పుడో బాగుపడేది.

అమ్మ నిజంగా ఎక్కడికి వెళ్తుందో మీరు బయటివాళ్ళు కనుక చెప్తాను. మా ఇంట్లో ఎవరైనా అడిగితే మాత్రం నేను చెప్పలేదనండి.

మా అమ్మ వాంపనోగ్, ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్న తెగ మనిషి. నాలుగు వందల ఏళ్ళ కిందట సముద్రం దాటి వచ్చి ఇక్కడ ఓడ దిగిన వాళ్ళకు మొక్కజొన్న ఎలా నాటాలో నేర్పిన మనుషుల వంశం. మా నాన్న వాళ్ళది ఓడ దిగిన వాళ్ళ వంశం. ప్లిమత్‌లో సముద్రం ఒడ్డున ఒక కొండ ఉంది. దేశమంతా భోజనానికి కూర్చునే రోజున అమ్మ వాళ్ళు ఆ కొండ మీద చేరి, పోయిన మనుషులనూ పోయిన నేలనూ తలచుకుంటారు. దాన్ని సంతాప దినం అంటారు. ముందు రోజు సాయంత్రం నుంచి అమ్మ ఏమీ తినదు. మా నాయనమ్మ ఇంటి నుంచి ఆ కొండ అరగంట ప్రయాణం. అరగంటకు ఇటు పండుగ, అటు తద్దినం.

ఈ చిక్కు విప్పడానికి పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు లావుపాటి పుస్తకాలు రాశారట. ఎవరివల్లా కాలేదు. మా నాయనమ్మ రెండు ముక్కల్లో విప్పేసింది. "ఆర్లీన్‌కు డ్యూటీ."

ఆ మాట ఆమె అన్న రోజు నేను ఇంకా పుట్టలేదు. అప్పటి నుంచి చుట్టాలకూ పక్కింటివాళ్ళకూ చర్చి పాస్టరుకూ అదే మాట. పాస్టరుగారైతే ఒక ఆదివారం "పండుగ పూట కూడా పని చేసేవాళ్ళ కోసం" ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. అబద్ధానికి దైవబలం కూడా తోడైతే ఇంక దానికి ఎదురేముంది?

మంచి కథ చెప్పేవాడికి ఎక్కడ ఆపాలో తెలియాలంటారు. మా బడిలో ఈ విద్య బాగా నేర్పుతారు. ఓడ వచ్చింది. చలికి, ఆకలికి సగం మంది పోయారు. ఇక్కడివాళ్ళు వచ్చి సాయం చేశారు. పంట పండింది. అందరూ కలిసి తిన్నారు. గంట కొడతారు, బడి వదిలేస్తారు. భోజనాలయ్యాక ఏమైందని ఇంతవరకు ఒక్క పిల్ల అడిగితే ఒట్టు. ఇంటికి పోయే తొందర కదా!

మూడో తరగతిలో మా చేత ఆ కథ నాటకం వేయించారు. మా టీచరమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "టాబిత, నీకు మాట్లాడే పని లేని వేషం ఇస్తాను. రంగు పూసే పని కూడా లేదు, హాయి" అంది. నాకు కాగితపు ఈకల కిరీటం పెట్టారు, చేతికి అట్టతో చేసిన మొక్కజొన్న కంకి ఇచ్చారు. నేను నడిచి వెళ్ళి కంకి ఇచ్చేసి, నవ్వి, పక్కకు తప్పుకోవాలి. ఆలోచిస్తే అంత నిక్కచ్చిగా చరిత్ర చెప్పిన నాటకం మరొకటి లేదు.

ఆ సాయంత్రం బస్సు నిండా ఈకల పిల్లలే. నడిపింది మా అమ్మ. అద్దంలో మమ్మల్ని అందరినీ ఒకసారి చూసింది. ఏమంటుందోనని నేను సీటులో ఒదిగిపోయాను.

"కూర్చోండి అందరూ," అంది. "ఈకలు కిటికీలోంచి బయట పెట్టకండి. గాలికి పోతాయి."

అంతే. ఆ వేషంలో తీసిన నా ఫొటో నాయనమ్మ ఫ్రిజ్ తలుపు మీద ఇప్పటికీ ఉంది. ప్రతి పండుగకూ దాన్ని తుడిచి, "మా టాబీ ఎంత ముద్దుగా ఉందో" అంటుంది.

కృతజ్ఞత అంటే మా అమ్మకు పడదని మీరు అనుకోవద్దు. "మా అమ్మమ్మ స్ట్రాబెర్రీలు పండితే ఒకసారి, పచ్చి కంకులు వస్తే ఒకసారి, క్రాన్‌బెర్రీలు ఎర్రబడితే ఒకసారి కృతజ్ఞత చెప్పుకునేది," అంటుంది. "చెప్పుకోవడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒకరిది తీసుకుని, దానికి కృతజ్ఞత చెప్పుకోవడమే మాకు చేతకాదు."

ఇలాంటి మాటలు బల్ల దగ్గర అంటే తిన్నది అరుగుతుందా? అందుకే డ్యూటీ.

ఈ ఏర్పాటులో సుఖపడని దాన్ని ఒక్క నేనే. నాకు కొన్నాళ్ళుగా ఆ కొండ మీదికి వెళ్ళాలని ఉంది. ఎందుకంటే చెప్పలేను. అక్కడ అమ్మ మొహం ఎలా ఉంటుందో చూడాలని, అంతే. పండుగ రోజు అమ్మ మొహం నేను ఎప్పుడూ కారు అద్దంలోంచే చూశాను.

అడిగాను కూడా. ఒకసారి కారులో, నాన్న వినకుండా.

"అమ్మా, నన్నూ తీసుకెళ్ళవా?"

"రా. ఎక్కడికి వెళ్తున్నావో లోపల చెప్పి రా."

"నాకూ డ్యూటీ అని చెప్పేదా?"

"డ్యూటీ అని నేనెప్పుడూ అనలేదు తల్లీ. వాళ్ళే అనుకున్నారు. నేను వాళ్ళ పండుగ చెడగొట్టలేదు, అంతే. నువ్వు చెప్పకుండా వస్తే నిన్ను నేను ఎత్తుకుపోయినట్టుంటుంది. చెప్పి రా."

చెప్పడం! ప్రపంచంలో నాకు రాని పని అదొక్కటే. బడిలో హాజరు పిలిస్తే చెయ్యెత్తుతాను గాని పలకను. బేకరీలో నాకు కావలసిన రొట్టె పేరు చెప్పలేక, నా ముందు మనిషి ఏది కొంటే అదే కొనుక్కుని వస్తాను. అలాంటి దాన్ని పట్టుకుని, పండుగ భోజనం ముందు పెట్టుకుని ఉన్న పెద్దవాళ్ళకు నిజం చెప్పి రమ్మంటే ఎలా?

అందుకని ప్రతి ఏడూ ఒకటే తంతు. నాయనమ్మ ఇంట్లో పండుగ భోజనం పొద్దున పదకొండింటికే. మధ్యాహ్నం టీవీలో ఫుట్‌బాల్ మొదలయ్యేలోగా గిన్నెలు కడిగెయ్యాలి. అమ్మ మమ్మల్ని గేటు దగ్గర దించుతుంది. లోపలికి రాదు. వెంటనే వెళ్ళనూ వెళ్ళదు. ఇంజను ఆపకుండా కాసేపు అక్కడే కూర్చుంటుంది. నేను నడవాలో పిల్లల బల్ల దగ్గర కూర్చుని, కిటికీలోంచి కారు వెనక లేచే తెల్లటి పొగ చూస్తూ, చెప్పాలి, చెప్పాలి అనుకుంటూ బంగాళాదుంప ముద్దలో స్పూనుతో గుంటలు తవ్వుతాను. పొగ కదిలిపోతుంది. కారు లేదు.

"ఇంజను వేడెక్కినట్టుంది, వెళ్ళింది," అంటుంది నాయనమ్మ.

ఈ ఏడు నాకు ప్రమోషన్ వచ్చింది. పెదనాన్న పెద్ద కొడుకు నేవీలో చేరాడు, పెద్దల బల్ల దగ్గర కుర్చీ ఖాళీ అయింది. "టాబీ పెద్దదైంది, ఇటు రానీ," అంది నాయనమ్మ. ఎంత గౌరవం! కాని పెద్దల బల్లకు ఒక ఆచారం ఉంది. ప్రతి పళ్ళెంలో ఐదు మొక్కజొన్న గింజలు పెడతారు. ఓడ దిగిన వాళ్ళకు మొదటి చలికాలంలో పూటకు అన్నే దక్కాయని చెప్పుకుంటారు. ఒక్కో గింజా నడిమి గిన్నెలో వేస్తూ ఒక్కో కృతజ్ఞత చెప్పాలి. అందరూ చెప్పాకే కోడిని కోసేది. పిల్లల బల్లకు ఈ శిక్ష లేదు.

అంటే నేను నోరు విప్పక తప్పదు. గేటు దగ్గర కారు ఉండగానే నా వంతు రావాలి. కొత్తగా వచ్చినదాన్ని కనుక నా వంతు చివర.

ముందు గ్రెచెన్ పెద్దమ్మ. ఆమెకు లోకజ్ఞానం ఎక్కువ. గింజల జోలికి వెళ్ళకముందే ఫోను తీసి, కళ్ళజోడు సరిచేసుకుని, ఒక పేరా చదివింది. మనం కూర్చున్న ఈ నేల వాంపనోగ్ ప్రజలదనీ, వాళ్ళను గౌరవంతో స్మరించుకుంటున్నామనీ దాని సారాంశం. చదివి కళ్ళు మూసుకుంది. స్మరించబడుతున్న ప్రజల్లో ఒకరు కిటికీ అవతల కారులో కూర్చుని చేతులు రుద్దుకుంటున్నారు. కళ్ళు మూసుకున్నవాళ్ళకు అది ఎలా కనిపిస్తుంది?

"అయితే తిరిగి ఇచ్చేద్దామా, గ్రెచెన్?" అన్నాడు పెదనాన్న.

"స్మరించుకోవడం వేరు, రస్సెల్. ఇవ్వడం వేరు."

"అదే అడిగాను. ఆ ఉప్పు ఇటు ఇవ్వు. లేకపోతే ఉప్పును కూడా స్మరించుకుంటావా?"

తర్వాత పెదనాన్న వంతు. మొదటి గింజ, తన ముత్తాతల ముత్తాత చెమటోడ్చి సంపాదించిన క్రాన్‌బెర్రీ మడులకు. ఎవరి దగ్గర సంపాదించాడో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. రెండో గింజ, ఆ మడులకు నీళ్ళు తోడే కొత్త పంపుకు. ఆ పంపు ఎంతకు బేరమాడాడో, అమ్మినవాడి మొహం ఎలా మాడిందో అంతా చెప్పాడు. కిటికీలో తెల్లటి పొగ ఉంది. మూడో గింజ సెప్టిక్ ట్యాంకుకు.

"రస్సెల్, భోజనం దగ్గర," అంది పెద్దమ్మ.

"అది లేకపోతే ఈ భోజనానికి అర్థం ఏముంది?"

సెప్టిక్ ట్యాంకుకు ఇంత మర్యాద జరగడం నేను కళ్ళారా చూశాను. దాన్ని ఎవరూ డ్యూటీకి పంపలేదు. బల్ల మధ్యకే పిలిచారు.

నాయనమ్మ తన గింజలన్నీ ఒకే మాటకు వేసింది. "మన కుటుంబమంతా, ఒక్కరు కూడా తగ్గకుండా, ఒక్క చోట ఉన్నందుకు." మనసారా అంది, నాకు తెలుసు. అదే ఈ కథలో కష్టం. మా నాయనమ్మ చెడ్డది కాదు. జ్వరం వస్తే రాత్రంతా నా పక్కన కూర్చునే మనిషి.

నాన్న బంగాళాదుంపలు బాగున్నందుకు ఒక గింజ, గ్రేవీ బాగున్నందుకు ఒక గింజ వేశాడు. ఇంకా ఏమీ తినలేదు. మిగిలిన గింజలు పట్టుకుని కిటికీ వైపు చూశాడు. ఆ మిగతావి మెల్లగా, ఏమీ అనకుండా గిన్నెలో వదిలేశాడు.

"టాబీ, నీ వంతు," అంది నాయనమ్మ. "సిగ్గుపడకు. ఏదో ఒకటి చెప్పు."

నెల రోజులు బట్టీ పట్టిన వాక్యాలు ఉన్నాయి నా దగ్గర. ఆరోగ్యం, చదువు, కుక్క. కిటికీలో పొగ అటూ ఇటూ ఊగింది. అమ్మ గేరు మారుస్తోంది.

ఐదు గింజలూ ఒకేసారి గిన్నెలో పోశాను. శబ్దం పెద్దగా వచ్చింది.

"అమ్మకు ఈ రోజు డ్యూటీ లేదు," అన్నాను. "బడికి సెలవు. అమ్మ కొండ మీదికి వెళ్తోంది, వాళ్ళ వాళ్ళ సంతాపానికి. ప్రతి ఏడూ అక్కడికే వెళ్తుంది. నేను కూడా వెళ్తున్నాను."

గుమ్మడికాయల దొంగ ఎవరని నేను అడగనే లేదు. అయినా గుమ్మడికాయ తీపి చుట్టూ కూర్చున్న ఆ నలుగురి చేతులూ భుజాల మీదికే పోయాయి. పెద్దమ్మ శాలువా సర్దుకుంది. పెదనాన్న కాలరు సవరించుకున్నాడు. నడవాలోంచి కవలల్లో ఒకడు, "చెప్పాను కదా, బస్సు లేదని," అన్నాడు.

నేను నాన్న వైపు చూశాను. ఆయన పళ్ళెం వైపు చూస్తూ, వినీ వినిపించనట్టు అన్నాడు:

"టోపీ పెట్టుకో. కొండ మీద సముద్రపు గాలి ఎక్కువ."

అంటే నాన్నకు ఆ గాలి ఎలా ఉంటుందో కూడా తెలుసు! ఎప్పుడో అమ్మతో వెళ్ళి ఉంటాడు, డ్యూటీ పుట్టకముందు. ఒక ఇంటి మొత్తానికి తెలిసిన రహస్యాన్ని ఇంత మంది ఇన్నాళ్ళు ఒకరి నుంచి ఒకరు దాచిపెట్టారంటే, ఐకమత్యం అనే మాటకు ఇంతకన్నా గొప్ప ఉదాహరణ నాకు దొరకదు.

"బంగాళాదుంపలు చల్లారిపోతున్నాయి," అంది నాయనమ్మ. "రస్సెల్, కోడిని కొయ్యి."

పెదనాన్న కత్తి తీసుకున్నాడు. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. నేను కోటు వేసుకున్నాను, టోపీ పెట్టుకున్నాను. ఇంకేమీ జరగలేదు. మిన్ను విరిగి మీద పడలేదు. దీపం కూడా ఆరలేదు.

అందుకే మొదట్లో చెప్పిన మాట మీదే నిలబడ్డాను. మంచి అబద్ధాన్ని మించిన వరం లేదు. నిజం పాపం ఒక్కసారి చెబితే అయిపోతుంది. అబద్ధం అలా కాదు, దెబ్బ తగిలినా లేచి నిలబడుతుంది. ఎలాగంటారా?

నేను గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి నాయనమ్మ నా వెనకే వచ్చింది. చేతిలో వెండి కాగితం చుట్టిన పళ్ళెం. మొదటి ముక్కలు అందులో పెట్టినట్టుంది, ఇంకా వేడిగా ఉంది.

"ఇది మీ అమ్మకు."

"నాయనమ్మా, వాళ్ళు ఈ రోజు ఉపవాసం."

"అయ్యాక తింటుందిలే. వేడి పోకుండా ఒళ్ళో పెట్టుకో."

తలుపు తెరిచింది. చలి మొహానికి కొట్టింది. గేటు దగ్గర కారు ఇంకా ఉంది. అమ్మ అద్దం దించి మా ఇద్దరినీ చూసింది. పట్టుమని ముప్ఫై అడుగులు లేవు. ఒక్క మాట పిలిస్తే వినిపిస్తుంది. రా, ఒక్క నిమిషం లోపలికి రా, అంటే చాలు. అమ్మ వచ్చేదో రాదో నాకు తెలియదు. కాని ఆ మాట ఎలా ఉంటుందో వినాలని ఉండింది. నేను నాయనమ్మ నోటి వైపే చూశాను.

నాయనమ్మ చెయ్యి ఎత్తి అమ్మకు ఊపింది. అమ్మ కూడా చెయ్యి ఊపింది. తర్వాత నాయనమ్మ నా కోటు పై గుండీ పెట్టి, టోపీ చెవుల మీదికి లాగి, బుగ్గ మీద ముద్దు పెట్టింది.

"పాపం," అంది. "ఇంత చిన్నదానివి. నీకూ డ్యూటీ వేశారన్నమాట."

అని, లోపలి వెచ్చదనం బయటికి పోకుండా, మెల్లగా తలుపు వేసుకుంది.